ఫారం పదకొండులో ఒక పెళ్లి

శాంతిని కాపాడటం కన్నా సుఖమైన ఉద్యోగం లోకంలో లేదని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రౌతు పైడినాయుడికి పద్నాలుగు నెలల్లో తెలిసిపోయింది. పొద్దున్నే లేచి ముఖం కడుక్కోవడం, వాగు ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చోవడం, సాయంత్రం ఫారం పదకొండు తీసి "నేడు సంధి ఉల్లంఘనలు: శూన్యం" అని రాసి సంతకం పెట్టడం. విజయనగరం జిల్లాలో ఉన్నప్పుడు ఒక్క జాతర బందోబస్తుకి పడ్డ శ్రమలో పదో వంతు కూడా ఇక్కడ లేదు. జీతం మాత్రం డాలర్లలో వచ్చేది.

ఇక్కడ అంటే జోర్వానా దేశంలో, ఓస్తెమ్ అనే కొండ ఊళ్ళో. మ్యాపులో వెతక్కండి, దొరకదు. ఆ దేశంలో హర్గులని, సెల్మీలని రెండు జాతులున్నాయి. పదకొండేళ్లు యుద్ధం చేసుకున్నాయి. యుద్ధాన్ని రాజధానిలో పెద్దవాళ్ళు కన్నారు, ఊళ్ళలో చిన్నవాళ్ళు మోశారు. ఆఖరికి అంతర్జాతీయ శాంతి సంఘం వచ్చి సంధి చేసింది. ఓస్తెమ్ మధ్యలో వాగు పారుతోంది గనక ఎడమ గట్టు హర్గులకి, కుడి గట్టు సెల్మీలకి అని గీత గీసి మనిషికో గట్టు కార్డు ఇచ్చింది. కాపలాకి నాయుడిలాంటి పోలీసుల్ని దేశదేశాల నుంచి డెప్యుటేషన్ మీద తెచ్చింది. పగలు ఎవరు ఎటైనా తిరగొచ్చు. పొద్దుగూకేసరికి ఎవరి గట్టుకి వాళ్ళు చేరాలి. రిజిస్టరైన పెళ్లి ఉంటే మాత్రం దానికి మినహాయింపు. యుద్ధానికి ముందు ఆ ఊళ్ళో సగం కాపురాలు వాగు దాటి వచ్చిన కోడళ్ళవే. ఆ సంగతి సంధి రాసినవాళ్ళకి ఎవరూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

ముందే ఒక మనవి. ఆ దేశం భాష మీకూ రాదు, నాకూ రాదు. పైడినాయుడికి వచ్చు. పద్నాలుగు నెలల్లో నేర్చుకున్నాడు. ఆ ఊరివాళ్ళు ఏం మాట్లాడినా అతని చెవికి చీపురుపల్లి సంతలో మాట్లాడుతున్నట్టే వినిపించేది. కాబట్టి ఈ కథలో వాళ్ళంతా అలాగే మాట్లాడతారు. శాంతి సంఘం అధికారులు మాట్లాడేది మాత్రం అతనికి సచివాలయం నుంచి వచ్చిన జీవోలా వినపడేది. అదీ అలాగే ఉంచాను.

ఒక బుధవారం ఇల్కా వచ్చి నాయుడి కుర్చీ ముందు నిలబడింది. సెల్మీ పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ముప్ఫై రెండేళ్లు. యుద్ధం మొదలైన వసంతంలోనే అవతలి గట్టు దోరెన్‌తో నిశ్చయమైంది. దోరెన్ హర్గు. ఆ వారమే సైన్యం వాళ్ళు వచ్చి అతన్ని లాక్కుపోయారు. పదకొండేళ్లకి తిరిగొచ్చాడు, ఒక చెవి వినపడకుండా. ఈ పిల్ల ఇంకెవర్నీ చేసుకోలేదు. ఆ పిల్లాడూ చేసుకోలేదు. ఇద్దరూ రోజూ పగలు వాగు మధ్య రాళ్ళ మీద కూర్చుని మాట్లాడుకుని, పొద్దుగూకేసరికి ఎవరి గట్టుకి వాళ్ళు పోతుంటే చూసి, అంత లావు పోలీసు మనిషీ చాలాసార్లు ముఖం అటు తిప్పుకున్నాడు.

"బాబూ, రేపట్నించీ మా పెళ్లి," అంది ఇల్కా. "మూడ్రోజులు గట్ల మీద గోలగోలగా ఉంటాది. తిట్లే తిట్లు. తమరు కంగారు పడకండి."

"తిట్లేటమ్మా?"

"తిట్లు నేకపోతే అదేం పెళ్లి బాబూ?"

ఓస్తెమ్‌లో పెళ్లంటే అదే. ఆడపెళ్లివారు ఒక గట్టున, మగపెళ్లివారు ఒక గట్టున నిలబడి, రోజుకో పూట చొప్పున మూడు పూటలు తిట్టుకోవాలి. మొదటి పూట తిండినీ పశువులనీ. రెండో పూట చుట్టాలని. మూడో పూట పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ. అన్నీ అయ్యాక పెద్దలు "ఇంకేమైనా మిగిలాయా?" అని అడుగుతారు. "ఏమీ మిగల్లేదు" అని రెండు గట్లూ ఒక్కసారి అంటే పెళ్లయినట్టు. చెడ్డ మాటలన్నీ గట్టు మీదే ఖర్చయిపోవాలి, కొత్త కోడలితో పాటు ఒక్కటి కూడా ఇంట్లోకి రాకూడదని వాళ్ళ పూర్వీకులు పెట్టిన ఏర్పాటు. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటి నుంచీ. తిట్టు పడని పిల్ల పెళ్లి కాని పిల్లే.

నాయుడికి వింతేమీ అనిపించలేదు. తన పెళ్లిలో అత్తవారి ఆడవాళ్ళు వియ్యపురాలి మీద పాట కట్టి, ఆవిడ ముక్కు గురించి ఏడు చరణాలు పాడారు. నాయుడి తల్లి రెండు గంటలు అలిగి, ఆ తర్వాత లేచి తొమ్మిది చరణాలు పాడింది. ముప్ఫై ఏళ్లయినా వియ్యంకురాళ్ళిద్దరూ ఇప్పటికీ ఒక కంచంలో తింటారు.

గురువారం పొద్దున్న తిట్లు మొదలయ్యాయి. సెల్మీల తరఫున ఇల్కా నాయనమ్మ బేసా నాయకత్వం. ఎనభై రెండేళ్ల మనిషి, ఒంట్లో బలమంతా గొంతులోనే దాచుకుంది.

"ఓ హర్గులూ, మీ మేకలు మా గట్టుకొచ్చి గడ్డి తిని ఏడ్సినాయర్రా! ఇన్నాళ్లూ తిన్నది గడ్డి కాదని అప్పుడు తెలిసినాదట!"

అవతల నుంచి పెళ్లికొడుకు తండ్రి తెవ్రాన్ అందుకున్నాడు. "మీ రొట్టెల మాటేటి? యుద్ధంలో మా మీద తూటాలెందుకు పేల్చినారు? మీ రొట్టెలు ఇసిరుంటే మొదటేడే లొంగిపోదుం కదా!"

రెండు గట్లూ పొట్టలు పట్టుకుని నవ్వాయి. నాయుడు కూడా నవ్వాడు. నవ్వుతూనే రాసుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. ఇరవై ఆరేళ్లు స్టేషన్ డైరీ రాసిన చెయ్యి, మనిషి దగ్గినా వేళ వేసి రాస్తుంది. ఫారం పదకొండులో "గ" కాలమ్ ఒకటుంది: "మాటల ద్వారా పరజాతి గౌరవభంగం." పద్నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్న ఆ కాలమ్‌ని చూస్తే అతనికి జాలేసింది. సెల్మీల తిట్లు ముప్ఫై ఏడు, హర్గుల తిట్లు ఇరవై తొమ్మిది, వరస నంబర్లతో వంకర లేకుండా రాసి, సాయంత్రం కేంద్ర కార్యాలయానికి పంపాడు. చదివి నవ్వుకుంటారనుకున్నాడు పాపం.

శాంతి సంఘం కార్యాలయంలో నవ్వే విభాగం లేదు. గోడంత మ్యాపు ఉంది, దాని మీద ఊరికో దీపం ఉంది. ఆ సాయంత్రం ఓస్తెమ్ దీపం ఆకుపచ్చ నుంచి ఎరుపుకి మారింది.

శుక్రవారం పొద్దున్న రెండో పూట తిట్లకి జనం గట్లెక్కేసరికి, మూడు తెల్లకార్లు దుమ్ము లేపుకుంటూ దిగాయి. మొదటి కారులోంచి విభాగాధిపతి హోల్మార్ దొర దిగాడు. పొడుగాటి మనిషి. ఎప్పుడూ ఎవరికో సంతాపం తెలపబోతున్నట్టు ఉంటాడు.

"ఒకే దినమున అరవై ఆరు ఉల్లంఘనలు," అన్నాడు. "ఈ పరిణామాన్ని సంఘం తీవ్రమైన ఆందోళనతో గమనిస్తున్నది. తదుపరి ఉత్తర్వుల వరకు ఉభయ పక్షముల దూషణలూ స్తంభింపజేయడమైనది."

"సార్, అవి పెళ్లి తిట్లండి. మా ఊళ్ళో కూడా పాడతారు."

"మీ ఊరు ఈ సంధి పరిధిలో లేదు, శ్రీ నాయుడు. అంతకంటే తీవ్రమైనది అంశము నలభై ఒకటి. రొట్టెలు. సెల్మీ పక్షం వద్ద ప్రకటించని ఆయుధసామగ్రి ఉన్నట్టు హర్గు పక్షం బహిరంగముగా ఆరోపించినది. మీరే నమోదు చేసినారు."

రెండో కారులోంచి నిరాయుధీకరణ బృందం దిగింది. నలుగురు, చేతులకి తొడుగులు, నెత్తిన శిరస్త్రాణాలు. బేసా వంటింట్లోకి వెళ్ళి పన్నెండు రొట్టెలు స్వాధీనం చేసుకున్నారు. ఒకటి బండ మీద కొట్టి చూశారు, ఒకటి నీళ్ళలో వేసి చూశారు, ఒకటి కొలిచి బొమ్మ గీశారు. బృందం నాయకుడు రాసిన నివేదికను నాయుడు తర్వాత చూశాడు. "పేలుడు స్వభావం కనుగొనబడలేదు. అయితే ఘాత స్వభావాన్ని పూర్తిగా తోసిపుచ్చజాలము" అని ఉంది.

ఆ సంగతి బేసాకి తెలిసి, తెవ్రాన్ మీదున్న కోపం కాస్తా శాంతి సంఘం మీదకి మళ్ళింది. తెవ్రాన్ ఇవతలి గట్టుకి వచ్చి, "రొట్టె గట్టిదని నానన్నాను గానీ పిన్నీ, ఈ అడ్డగాడిదలు తిన్నగా కొలిసీసినారు," అని నొచ్చుకున్నాడు. ఆవిడ అతనికి మిగిలిన రొట్టె ఒకటి పెట్టింది. అతను నానబెట్టుకుని తిన్నాడు. ఫారం పదకొండులో ఈ సంగతి రాయడానికి కాలమ్ లేదు.

సమావేశాలు ఎనిమిది రోజులు సాగాయి. ఎవరి గట్టు మీద పెట్టినా రెండో వాళ్ళకి అవమానమని, వాగు మధ్యలో బల్లలు కట్టి వేదిక వేశారు. అందరూ మోకాళ్ళ లోతు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. హోల్మార్ దొర బూట్లతోనే కూర్చున్నాడు, నియమం అలాగే ఉందట.

"ప్రథమ సమస్య సమతూకము," అన్నాడు. "సెల్మీ దూషణలు ముప్ఫై ఏడు. హర్గు దూషణలు ఇరవై తొమ్మిది. ఎనిమిది లోటు. దీనిని సరిచేయుటకు రెండు మార్గములున్నవి. సెల్మీ పక్షం ఎనిమిది దూషణలను ఉపసంహరించుకొనుట. లేదా హర్గు పక్షానికి ఎనిమిది దూషణల ప్రత్యేక కోటా కేటాయించుట."

"ఎనక్కి తీసుకోడమేటి?" అంది బేసా. "పెట్టిన బట్ట ఎనక్కి తీసుకుంటారేటి ఎవులైనా? ఇచ్చిన తిట్టు ఇచ్చినట్టే. ఆలు తిట్టలేకపోతే అది ఆల కర్మ."

"మాకు కోటా అక్కర్నేదు," అన్నాడు తెవ్రాన్ పౌరుషంగా. "మా తిట్లు మేం సంపాదించుకుంటాం."

ఇద్దరి మాటలూ ఒకటే అయినా రెండూ తిరస్కరణలుగా రాసుకున్నారు. మూడో రోజు ఉపసంఘం వేశారు. ఉపసంఘం తిట్లని మూడు తరగతులుగా విభజించింది: వ్యక్తిగతం, పశుసంబంధం, వ్యూహాత్మకం. అయిదో రోజు, ఇకపై ప్రతి తిట్టునూ పద్నాలుగు రోజుల ముందు మూడు ప్రతుల్లో సమర్పించి అనుమతి పొందాలని ముసాయిదా వచ్చింది. ఎవరినీ నొప్పించదని తేలిన తిట్టుకే ముద్ర వేస్తారు. ఆరో రోజు పరీక్షకి దోరెన్ ఒకటి సమర్పించాడు: "ఇల్కా వండిన పులుసు నీళ్ళలాగ ఉంటాది." దానిపై జలవనరుల నిపుణుడి అభిప్రాయం కోరారు.

ఇల్కా రోజూ వచ్చి నాయుడి పక్కన నిలబడేది. ఏడో రోజు అడిగింది. "బాబూ, పదకొండేళ్లు తుపాకీలు ఆపినాయి, ఊరుకున్నాను. ఇప్పుడు కాయితాలు ఆపుతున్నాయి. తుపాకీలైతే ఎప్పుడో ఒకప్పుడు గుళ్ళయిపోతాయి. కాయితాలయిపోతాయేటి?"

నాయుడు తన కుడిచేతి వంక చూసుకున్నాడు. ఆ అరవై ఆరూ రాసింది తన చెయ్యే. ఆ చేతిని ఎక్కడ దాచుకోవాలో అతనికి తెలియలేదు.

ఎనిమిదో రోజు అన్నీ ఒక్కసారిగా తేలిపోయాయి. సంఘం ప్రత్యేక ప్రతినిధి స్వయంగా వస్తున్నాడని కబురొచ్చింది. యుద్ధం తర్వాత జరుగుతున్న మొదటి మిశ్రమ వివాహం, సయోధ్యకి చిహ్నం, ఫోటోలు. దాంతో తిట్లు పూర్తిగా రద్దయ్యాయి. వాటి స్థానంలో "పరస్పర ప్రశంసాపత్రం" చదవాలని ఉత్తర్వు. కేంద్ర కార్యాలయంలోనే రాయించారు. హర్గుల గురించి పదకొండు పేరాలు, సెల్మీల గురించి పదకొండు పేరాలు. మాటలు కూడా లెక్కపెట్టి సమానం చేశారు. ఏడుగురు సంతకాలు పెట్టారు. ఊరివాళ్ళకి ముందుగా చూపిస్తే అభ్యంతరాలొస్తాయని చూపించలేదు.

"పెద్దాయనొచ్చి ఏవో మాటలు సదూతాడట. అయ్యాక పెళ్లే," అని నాయుడు ఇల్కాకి చెప్పాడు. అతనూ ఆ కాగితం చూడలేదు.

ప్రతినిధి వచ్చిన రోజు వాగు మధ్య వేదిక మీద మైకు పెట్టారు. ప్రత్యేక ప్రతినిధి తెల్లజుట్టుతో, చిరునవ్వుతో కూర్చున్నాడు. వేదిక చుట్టూ కాపలా పైడినాయుడిది. రెండు గట్లూ జనంతో నిండాయి. హోల్మార్ దొర కాగితం విప్పి, ఆ భాషలో బాగా కష్టపడి నేర్చుకున్న ఉచ్చారణతో చదివాడు.

"ఎడమ గట్టు వాసి శ్రీ తెవ్రాన్ సత్యసంధుడు. శాంతమూర్తి. ఇరుగుపొరుగుల యెడల దయగలవాడు. అతని వంటి మనిషి ఈ లోయలో మరొకడు లేడు."

ఎడమ గట్టు మీద నవ్వులు టక్కున ఆగిపోయాయి. మగవాళ్ళు ఒక్కొక్కరే టోపీలు తీశారు. తెవ్రాన్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. అతను వెనక్కి నడిచి ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

"కుడి గట్టు వాసి శ్రీమతి బేసా ప్రేమస్వరూపిణి. ఆమె నోట ఎన్నడూ ఒక పరుషవాక్యం వెలువడలేదు."

కుడి గట్టు మీద ఆడవాళ్ళు జుట్లు విరబోసుకున్నారు. ఎవరో సన్నగా ఏడుపు అందుకున్నారు.

"ప్రజలు తీవ్ర భావోద్వేగానికి లోనయినారు," అని హోల్మార్ దొర ప్రతినిధి చెవిలో చెప్పాడు. ప్రతినిధి తల ఊపాడు. ఫోటోగ్రాఫర్లు ఏడుస్తున్న ఆడవాళ్ళని దగ్గర నుంచి తీశారు.

నాయుడు ఒక్క దూకులో నీళ్ళు దాటి బేసా దగ్గరికి వెళ్ళాడు. "ఏటైందమ్మా? మంచి మాటలే కదా?"

ముసలావిడ అతని చెయ్యి పట్టుకుంది. "బతికున్నోల్ని ఎవులైనా పొగుడుతారేటి బాబూ? పొగడ్త పీనుక్కి. గోతిలో దించినప్పుడు సెప్తాం, ఇంత మంచోడు, అంత మంచోడని. యుద్ధంలో ముఠాలోలు ఇల్లు కాల్చడానికి ముందురోజు తలుపుకి ఇలగే కాయితం అంటించీసేవోలు. ఫలానా ఓడు సత్యసంధుడని. తెవ్రాన్ తమ్ముడి తలుపుకి అంటించినారు, నానే సూసినాను. తెల్లారేసరికి ఇల్లు నేదు, మనిషీ నేడు. ఇప్పుడు మేమంటించినామనుకుంటాడు తెవ్రాను. ఓరి దేముడో, మా గట్టు వైపు నిలబడి సదివినాడీడు!"

అవతలి గట్టున తెవ్రాన్ మళ్ళీ బయటికొచ్చాడు. చేతిలో పాత తుపాకీ ఉంది. రాతిగోడ వెనక మోకాలి మీద కూర్చుని కుడి గట్టుకి గురిపెట్టాడు. అతని వెనక ఇంకో ఇద్దరు, ముగ్గురు ఇళ్ళలోకి పరిగెడుతున్నారు. ఇవతల కూడా ఎవరో కొయ్య పెట్టె మూత ఎత్తుతున్న చప్పుడు నాయుడి చెవిన పడింది.

అతను వేదిక ఎక్కి, "సార్, ఆపండి," అన్నాడు. "ఇంకో మాట చదివితే కాల్పులే."

"అసాధ్యము. ఇది ఏడు సంతకాల పత్రము. ఇంకను ఇరవై పేరాలున్నవి," అన్నాడు హోల్మార్ దొర. "పైగా పొగడ్త ఏ కాలమ్‌లోనూ ఉల్లంఘన కాదు."

అప్పుడే నీళ్ళలో అడుగుల చప్పుడయింది. ఇల్కా పెళ్లిబట్టలతో నడుం లోతు నీళ్ళలో వేదిక వైపు వస్తోంది. అనుమతి లేనివాళ్ళని వేదిక ఎక్కనివ్వకూడదని నాయుడికి రాతపూర్వకంగా ఆదేశం ఉంది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో అతను రాతపూర్వకమైన ఆదేశాన్ని ఎన్నడూ దాటలేదు. ఇప్పుడు వేదిక అంచున వేసిన తన కాపలా కుర్చీని పక్కకి జరిపి, చెయ్యి అందించి ఆమెని పైకి లాగాడు. హోల్మార్ దొర చేతిలోంచి మైకు తీసి ఆమెకిచ్చాడు.

"మావా!" అంది ఇల్కా. కొండలు రెండుసార్లు మారుపలికాయి. "ఆ తుపాకీ దించు మావా. ఎవులు బయపడతారని? పదకొండేళ్లు యుద్ధం సేసినావు కదా, ఒక్క కాకినైనా కొట్టినావేటి?"

రెండు గట్లూ ఊపిరి బిగబట్టాయి. గోడ వెనక తుపాకీ కదల్లేదు.

"గురి సూసి పేల్చితే నీ గేదే సచ్చిపోనాది. అదీ శత్రువు గేదైతే బాగుణ్ణు!"

వాగు ఒక్కటే పారుతోంది. అప్పుడు గోడ వెనక నుంచి ఒక బొంగురు గొంతు వచ్చింది.

"కాకులేవే కొట్టడానికి? మీ తాత పాట ఇని కాకులన్నీ ఈ లోయ ఒగ్గీసి ఎప్పుడో ఎల్లిపోనాయి!"

కుడి గట్టు మీద బేసా తలెత్తింది. జుట్టు ముడేసుకుంది. "ఓరి తెవ్రానూ! మా ఆయన పాట గురించి నువ్వు సెప్తావేట్రా? నువ్వు పుట్టినప్పుడు ఏడిస్తే మంత్రసాని తిరిగి లోపలికి తోసీమందట!"

ఆ తర్వాత ఇక ఎవరూ ఎవర్నీ ఆపలేదు. మొదటి పూట, రెండో పూట, మూడో పూట అన్నీ ఆ ఒక్క పూటలోనే మొదలెట్టి ముగించారు. పదకొండేళ్లుగా దాచుకున్న తిట్లు, పెళ్లిళ్లు లేక గొంతుల్లో ముక్కిపోయిన తిట్లు, చచ్చిపోయినవాళ్ళు తిట్టాల్సిన తిట్లు కూడా వాళ్ళ పిల్లలు అప్పచెప్పారు. తుపాకీని తెవ్రాన్ గోడకి ఆనించి మర్చిపోయాడు. ఎవరో దానికి టోపీ తగిలించారు.

ఆఖరున దోరెన్ వంతు. వాగులోకి దిగి, వినపడే చెవి ఇల్కా వైపు తిప్పి నిలబడ్డాడు. "పదకొండేళ్లు ఇంకో పిల్లని సూడకుండా ఉన్నానని అందరూ పేమ పేమ అన్నారు. పేమా కాదు, గాడిద గుడ్డూ కాదు. నీ నోటికి బయపడి!"

"నీకు ఒక సెవి పోయినాదని ఏడిసినాను," అంది ఇల్కా. "ఇప్పుడనిపిస్తన్నాది, మిగిలినదైనా నా మాట ఇనడానికి పనికొస్తాదో నేదో అని." అంటూనే ఏడ్చేసింది. అతనూ ఏడ్చాడు. వాళ్ళ ఊళ్ళో దానికి లెక్క లేదు, తిట్టుకే లెక్క.

"ఏమంటున్నారు వీరు?" అని ప్రత్యేక ప్రతినిధి నాయుణ్ణి అడిగాడు.

"సంధి షరతులు చర్చించుకుంటున్నారు సార్," అన్నాడు నాయుడు, తలెత్తకుండా. అతని చెయ్యి ఫారం మీద పరిగెడుతోంది.

పెద్దలు అడిగారు, ఇంకేమైనా మిగిలాయా అని. ఏమీ మిగల్లేదని రెండు గట్లూ ఒక్క గొంతుతో అరిచాయి. నాయుడు లెక్క చూసుకున్నాడు. నాలుగు వందల పన్నెండు.

కథ ఇక్కడితో అయిపోవాలి. ఆఫీసులు ఉన్నచోట కథలు అంత తొందరగా అవవు.

రెండు రోజులకి ఇల్కా, దోరెన్ కలిసి జిల్లా పట్నంలో పెళ్లి రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళారు. అతను చట్టం తెరిచి చూపించాడు: ఉభయ జాతుల ఆచారం ప్రకారం వివాహం జరిగినట్టు తటస్థ సాక్షి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. ఆచారం అంటే తిట్లు. తిట్లు పడ్డట్టు కాగితం కావాలి. కాగితం లేకపోతే ఇల్కా పొద్దుగూకేసరికి కుడి గట్టుకి పోవాలి, రోజూ పోతూనే ఉండాలి. ఇద్దరూ నాయుడి దగ్గరికి వచ్చారు.

అదే మధ్యాహ్నం హోల్మార్ దొర కూడా వచ్చాడు. అతని చేతిలో టైపు చేసిన ఫారం పదకొండు ఉంది, సంతకం ఒక్కటే తరువాయి. ఉల్లంఘనలు: శూన్యం.

"ప్రత్యేక ప్రతినిధి మహాశయులు రాజధానిలో 'ఓస్తెమ్ నమూనా'ను ప్రకటించినారు," అన్నాడు. "ప్రశంసాపత్ర పద్ధతిని మరి నలభై గ్రామాలలో అమలుపరచవలసియున్నది. మీ పదవీకాలం ఒక సంవత్సరం పొడిగింపబడును. శాంతిపతకమునకు సిఫారసు చేయబడును."

"ఆ నలభై ఊళ్ళలో కూడా పొగడ్త పీనుక్కేనండి."

"ఆ విషయమై అధ్యయనము జరిపించెదము. అమలు పిదప."

నాయుడు రెండో ఫారాన్ని బల్ల మీద పెట్టాడు. పంతొమ్మిది పేజీలు. నాలుగు వందల పన్నెండు తిట్లు, వరస నంబర్లతో, ఎవరు ఎవర్ని ఏ గట్టు నుంచి తిట్టారో వేళతో సహా.

హోల్మార్ దొర పేజీలు తిప్పాడు. అతని ముఖం నిజంగానే సంతాపంలోకి దిగింది. "శ్రీ నాయుడు, యుద్ధం జరిగిన పదకొండేళ్లలో కూడా ఇన్ని ఉల్లంఘనలు నమోదు కాలేదు."

"అప్పుడు రాసేవాళ్ళు లేరండి."

"దీనిపై మీరు సంతకం చేసినచో, రికార్డు ప్రకారం ఈ గ్రామంలో యుద్ధం పునఃప్రారంభమైనట్టే."

బయట గడప మీద ఇల్కా, దోరెన్ కూర్చుని ఉన్నారు. పొద్దు వాలుతోంది. ఆమె మాటిమాటికీ కొండ మీద ఎండ ఎంతవరకు వచ్చిందో చూసుకుంటోంది. సంధి నాటి నుంచీ అలవాటైన చూపు అది. నాయుడికి ఒళ్ళు మండింది.

"అయితే అయిందండి," అని ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాడు. రెండు ప్రతులు, తనకో కార్బన్ కాపీ. ఒకటి హోల్మార్ దొరకిచ్చి, ఇంకొకటి బయటికి తీసుకెళ్ళి ఇల్కా చేతిలో పెట్టాడు.

రిజిస్ట్రారు పంతొమ్మిది పేజీలూ చదివాడట, ప్రభుత్వోద్యోగి చదివినట్టే, ముఖంలో ఏ కదలికా లేకుండా. మొదటి పేజీలోనే మంత్రసాని తిట్టు దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడట. అతని భుజాలు కదిలాయని దోరెన్ చెప్పాడు. ఆ తర్వాత ముద్ర వేశాడు.

కేంద్ర కార్యాలయం మ్యాపులో ఓస్తెమ్ దీపం మునుపెన్నడూ లేనంత ఎర్రగా వెలిగింది. నమూనా అటకెక్కింది. లోయని తీవ్ర సంఘర్షణ ప్రాంతంగా ప్రకటించి సంఘం గడువు ఇంకో అయిదేళ్లు పెంచుకుంది. పైడినాయుణ్ణి మాత్రం "శూన్యాన్ని పరిశీలించు సామర్థ్యం లోపించినందున" వెనక్కి పంపుతూ ఉత్తర్వు వేశారు.

అతను పెట్టె సర్దుకుని కారు కోసం వాగు ఒడ్డున కూర్చున్న సాయంత్రమే ఇల్కా తన పెట్టె నెత్తిన పెట్టుకుని వాగు దాటింది. పొద్దుగూకింది. ఎవరూ ఆపలేదు. అవతలి గట్టున అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. కోడల్ని ఎగాదిగా చూసింది. ఏదో అనబోయి నోరు తెరిచింది, వెతుక్కుంది, మళ్ళీ మూసుకుంది.

"అనడానికి ఏటీ మిగల్నేదే," అంది చివరికి. "లోపలికి రా."

తలుపు మూసుకుంది. ఫారం పదకొండులో అన్నిటికన్నా కింద చిన్న గడి ఒకటుంది. "పై ఉల్లంఘనల వల్ల కలిగిన పర్యవసానం" అని. తన దగ్గర మిగిలిన కార్బన్ కాపీలో అది ఇంకా ఖాళీగానే ఉందని నాయుడు అప్పుడు చూశాడు. పోలీసువాడు, ఖాళీ వదలలేడు. జేబులోంచి పెన్ను తీసి ఒక్క మాట రాశాడు.

కాపురం.